కార్డు రాసిన చెయ్యి

సోమవారం పొద్దున్నే ఓనరు అభిప్రాయాల డబ్బా తాళం తీసి, అందులోంచి ఒక కార్డు చెల్లెమ్మ చేతిలో పెట్టి, "చదువు" అన్నాడు. పోయిన వారం మనం ఆగింది అక్కడే. ఆ కార్డు మీద ఉన్నవి మూడే మూడు వాక్యాలు. "పెద్దాయన చేతులు వణుకుతున్నాయి. సూపు ప్లేటులో ఒలికించాడు. చూస్తుంటే తినబుద్ధి కావడం లేదు." కింద పేరు లేదు, సంతకం లేదు. సంతకం పెట్టే ధైర్యం ఉన్నవాళ్లు డబ్బాలో ఎందుకు వేస్తారు, పిలిచి మొహాన్నే అంటారు.

ఆ పెద్దాయన ఈ హోటల్లో ముప్పై ఒక్క ఏళ్లుగా సర్వరు. అందరూ పెద్దన్న అంటారు. ఆయన సొంత చెల్లెలు కూడా అక్కడే సర్వరు కాబట్టి ఆమె అందరికీ చెల్లెమ్మ అయిపోయింది. నలభై దాటినా, తలలో నాలుగు తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నా, కౌంటర్లో కూర్చునే ఇరవయ్యేళ్ల పిల్ల కూడా ఆమెను చెల్లెమ్మా అనే పిలుస్తుంది. పెద్దన్న కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది. ఒకరోజు వస్తుంది, రెండు రోజులు రాదు, చెప్పాపెట్టకుండా దిగే చుట్టం లాంటి వణుకు. అది ఓనరు కంటపడకుండా ఇన్నాళ్లూ కాపాడుకొచ్చింది చెల్లెమ్మే.

"గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి నేనే వచ్చి మధ్య టేబుల్ దగ్గర కూర్చుంటాను," అన్నాడు ఓనరు ఆ రోజు. మనిషి చెడ్డవాడు కాదు. తన తండ్రి హయాం నుంచీ ఉన్నవాడని పెద్దన్నను మీరు అనే పిలుస్తాడు. "నాతో ఇద్దరు అతిథులుంటారు. సూపు దగ్గర్నుంచి కాఫీ దాకా పెద్దన్న ఒక్కరే వడ్డించాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఈ కార్డు అప్పటిదాకా నీ దగ్గరే ఉండనీ. బాగుంటే నా చేత్తోనే చింపేస్తాను. లేదంటే..."

లేదంటే ఏమిటో ఆయన అనలేదు, ఆమె అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

ఇవాళే గురువారం. హాలు గడియారంలో పన్నెండుంబావు.

ఆ వణుకును దాచడానికి అన్నాచెల్లెళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. బరువైన ట్రే చెల్లెమ్మ మోసుకొచ్చి టేబుల్ పక్కన నిలబడేది. అన్నయ్య అందులోంచి ఒక్కో గిన్నె రెండు చేతులతో తీసి, వంగి, ముందు పెట్టేవాడు. చూసేవాళ్లకు అదేదో గొప్ప మర్యాదలా కనిపించేది. ఇక్కడ ఒక్కో టేబుల్‌కి ఇద్దరేసి సర్వర్లని మురిసిపోయినవాళ్లూ ఉన్నారు. కప్పు టకటకలాడకుండా సాసరులో చిన్న గుడ్డ మడిచి పెట్టేది. వంట మాస్టరు సూపు గిన్నెల్ని వేలెడు తక్కువగా నింపేవాడు. సూపు తగ్గించి జనాన్ని ముంచుతున్నారని ఇద్దరు ముగ్గురు నోరు పారేసుకుంటే, చెల్లెమ్మ నవ్వుతూ పడింది. ఇద్దరి ట్రేలూ ఒక్కతే మోసి మోసి ఆమె ఎడమ భుజం పొద్దున లేచేసరికి పైకి లేవడం మానేసింది. జడ ఒంటిచేత్తో వేసుకుంటోంది. అదీ అన్నయ్యకి చెప్పలేదు. ఒకే ఇంట్లో, రెండే గదుల్లో ఉంటూ ఆ ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నవి గంపెడున్నాయి.

మరి కార్డు రాసిందెవరు? హాల్లో ఓట్లు పెడితే అన్నీ చిటికెలాయనకే పడేవి. రోజూ మధ్యాహ్నం ఒంటరిగా వచ్చి తినిపోయే మనిషి. పేరుపెట్టి పిలవడు, మొహంలోకి చూడడు, పేపర్లోంచి తల ఎత్తకుండా గాల్లోకి చెయ్యి లేపి చిటికె వేస్తాడు. సర్వర్లకు ఒళ్లు మండడానికి అంతకంటే ఏం కావాలి.

కస్టమర్లు సర్వర్లకు మార్కులు వేస్తారని అందరికీ తెలుసు. సర్వర్లు కూడా కస్టమర్లకు మార్కులు వేస్తారని కస్టమర్లకే తెలియదు. ఈ హోటల్లో వంటగది తలుపును ఆనుకుని ఒక టేబుల్ ఉంది. తలుపు ఊగినప్పుడల్లా వేడి, నూనె వాసన, గిన్నెల మోత కలిసి కట్టగట్టుకుని వచ్చి మీద పడతాయి. మర్యాద తెలియని మనిషి వస్తే, "అయ్యో, అన్నీ బుక్కయిపోయాయండీ, ఇదొక్కటే ఖాళీ" అని నోరారా నవ్వి అక్కడ కూర్చోబెడతారు. ఆ నవ్వు ఎలా నవ్వాలో కొత్తగా చేరినవాళ్లకి మొదటివారంలోనే నేర్పుతారు. నేర్పేది పెద్దన్నే.

సోమవారం నుంచీ చిటికెలాయన ఆ టేబుల్ దగ్గరే తింటున్నాడు. సూపు చల్లారాక వెళ్తోంది. నీళ్లు అడిగిన పావుగంటకి వెళ్తున్నాయి. ఇవాళ మూడో చిటికెకి గానీ చెల్లెమ్మ కదల్లేదు.

"ఏమిటి, నామీద ఏమైనా కోపమా?" అన్నాడాయన. మొదటిసారి పేపరు దించి మొహంలోకి చూశాడు.

"మాకెందుకండీ కోపం."

"మాట తిప్పకు. నాలుగు రోజుల్నుంచి చూస్తున్నా. ముసలాయన మీద ఎవరో ఏదో రాశారట, కౌంటర్లో ఆ పిల్ల గుసగుసలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. నేను రాశాననుకుంటున్నావా?"

చెల్లెమ్మ ఖాళీ గ్లాసులో నీళ్లు నింపింది.

"నాకు నచ్చకపోతే ఇక్కడే అరుస్తాను. కాగితాలు రాసి డబ్బాల్లో వేసే ఓపిక నాకు లేదు. ఆయన చెయ్యి వణికితే వణికింది, నాకేం? సూపు వేడిగా వచ్చిందా లేదా, అదీ నాక్కావలసింది. ఇది చల్లారిపోయింది. మార్చి తీసుకురా."

అని మళ్లీ పేపర్లో దూరిపోయాడు. మంచిమాట ఒక్కటైనా అన్నాడా అంటే లేదు. అయినా ఆమెకు నమ్మబుద్ధయింది. అబద్ధం చెప్పడానికి ఎదుటిమనిషి మీద కాస్తయినా గౌరవం ఉండాలి, ఆయనకు అదీ లేదు. గిన్నె తీసుకెళ్లి పొగలు కక్కే సూపు తెచ్చి పెట్టింది. ఇన్నాళ్లూ ఒక మనిషిని ఊరికే సాధించానన్న సిగ్గు ఆమెకి అప్పుడు లోపల ఎక్కడో గుచ్చుకుంది.

పన్నెండున్నరకి థాంక్సమ్మగారు వచ్చింది.

అరవై దాటిన మనిషి. కుర్చీ లాగితే థాంక్స్, మెనూ ఇస్తే థాంక్స్, చెంచా పెడితే థాంక్స్. ఆమెకు వడ్డించడానికి సర్వర్లు పోట్లాడుకుంటారు. కిటికీ పక్క టేబుల్ ఆమె కోసం గురువారాలూ శనివారాలూ అట్టే పెడతారు. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరిని మెచ్చుకుంటూ ఒక కార్డు రాసి డబ్బాలో వేసిపోతుంది. ఇవాళా ముందుగా వచ్చిన బ్రెడ్డు తినగానే పర్సులోంచి కలం తీసింది. చెల్లెమ్మ నీళ్లు పోస్తూ యథాలాపంగా ఆ కార్డు వంక చూసింది. "బ్రెడ్డు చాలా మెత్తగా ఉంది" అని సగం రాసి ఉంది. గుండ్రటి అక్షరాలు. ప్రతి తలకట్టూ అలిసిపోయినట్టు ఒక పక్కకి వాలి పడుకుని ఉంది.

నీళ్లు గ్లాసు దాటి టేబుల్ మీదికి పారాయి.

చెల్లెమ్మ కూజా కింద పెట్టి, ఏప్రన్ జేబులోంచి సోమవారం నాటి కార్డు తీసి, ఆ కొత్త కార్డు పక్కన పెట్టింది. ఇక్కడా తలకట్లు అలాగే వాలి పడుకున్నాయి.

"ఇది మీరే రాశారా, అమ్మగారూ?"

థాంక్సమ్మగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. కాదని అంటే బాగుండునని చెల్లెమ్మకి ప్రాణం కొట్టుకుంది.

"నేనే రాశానమ్మా."

"మేం మీకేం లోటు చేశాం?" గొంతు తగ్గించాలని ఆమెకు తెలుసు, పక్క టేబుళ్లు వింటున్నాయనీ తెలుసు. "మీరొస్తున్నారంటే మాకు పండగలా ఉండేది. ఆ చిటికెలాయన్ని అనవసరంగా నాలుగు రోజులు ఏడిపించాను, మీరని కల్లో కూడా అనుకోలేదు. తినబుద్ధి కావడం లేదా? మా అన్నయ్య చేతులు చూస్తే మీకు తినబుద్ధి కావడం లేదా? నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. ఆ చేతులే నాకు అన్నం కలిపి పెట్టాయి, ఆ చేతులే నాకు జడ వేశాయి. ఒక్క మాట నాతో చెప్తే ఏం పోయేది? ఇంత మర్యాద తెలిసిన మనిషి..."

చెల్లెమ్మ ముక్కు ఎగబీల్చింది.

"కూర్చోమ్మా" అంది థాంక్సమ్మగారు. అని, సర్వర్లు హాల్లో కుర్చీల్లో కూర్చోరన్న సంగతి గుర్తొచ్చి, తనే లేచి నిలబడింది. "రాసిన చెయ్యి నాదే. మాటలు నావి కావు."

"మరెవరివి?"

"మీ అన్నయ్యవి."

చెల్లెమ్మకి వినిపించింది గానీ బుర్రకెక్కలేదు.

"పోయిన శనివారం నువ్వు లేవు. ఎవరో తెలిసినవాళ్లింట్లో పనుందని ఆయనతో చెప్పి వెళ్లావట. మా చెల్లి నాకు అబద్ధం చెప్పి భుజం చూపించుకోడానికి డాక్టరు దగ్గరికి వెళ్లిందమ్మా అన్నాడు. ఇక్కడే, ఈ కిటికీ దగ్గరే నిలబడి అన్నాడు. ఒక సాయం చేస్తారా అన్నాడు. తన మీద తనే రాసుకుందామంటే చేతిలో కలం నిలవడం లేదట. నిలిచినా ఆయన రాత నువ్వు గుర్తుపడతావట."

"ఆయనే... రాయమన్నాడా?"

"మొదట నేను మెత్తగా రాశాను. పెద్దాయనకు కాస్త విశ్రాంతి ఇస్తే బాగుంటుంది అని. చదివి చూసి, ఇలా రాస్తే ఓనరు వారం సెలవిచ్చి మళ్లీ రమ్మంటాడు, ఇంకాస్త గట్టిగా రాయండన్నాడు. రెండు కార్డులు చింపాను. తినబుద్ధి కావడం లేదన్న మాట ఆయన నోటి నుంచి వచ్చిందే. చెప్పి నవ్వాడు కూడా." థాంక్సమ్మగారు కలానికి మూత పెట్టింది. "నేను రాయనని అనాల్సింది. ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడం నాకు పుట్టిన దగ్గర్నుంచీ రాదమ్మా. అందరూ దాన్ని మంచితనం అనుకుంటారు."

"ఎందుకు? నాతో చెప్పొచ్చుగా, మానేస్తానని?"

"మూడుసార్లు చెప్పాడట. మూడుసార్లూ నువ్వు, నువ్వు మానేస్తే నేనూ మానేస్తానని మొండికేశావట. ఊరికి అవతల కొత్తగా తెరిచిన పెద్ద హోటల్‌వాళ్లు నిన్ను సూపర్‌వైజరుగా రమ్మంటే, వెళ్లనని చెప్పేశావటగా. అదీ తెలుసు ఆయనకి. ట్రేలు మొయ్యక్కర్లేని ఉద్యోగమమ్మా, నా కోసం కాలదన్నుకుంది అన్నాడు. ఓనరు నన్ను గెంటేస్తే దానికి ఓనరు మీద కోపమొస్తుంది, ఆ కోపంలోనైనా ఇక్కణ్నుంచి కదులుతుంది, నేను కళ్లెదుట ఉన్నంతకాలం కదలదు అన్నాడు."

చెల్లెమ్మ నాలుగు రోజులుగా ఎవరో శత్రువుంటాడని పళ్లు నూరుతోంది. ఆ శత్రువుతో రోజూ ఒకే కంచం ముందు కూర్చుని తింటోంది. కోపం వచ్చింది. కోపం కంటే ముందు దుఃఖం వచ్చింది. అంత మాట తన మీద తను చెప్పుకుని, అది వేరేవాళ్ల చేత రాయించి, పక్కన నిలబడి నవ్వడానికి అన్నయ్య ఎంత ఏడ్చి ఉండాలి.

"నేను తప్పు చేశానా అమ్మా?" అడిగింది థాంక్సమ్మగారు.

చెల్లెమ్మ ఏదో అనబోయింది. వీధి తలుపు తెరుచుకుంది. ఓనరు, ఆయన వెనక ఇద్దరు అతిథులు. గడియారంలో ఒంటిగంటకి రెండు నిమిషాలు తక్కువ.

ఆమె వంటగదిలోకి పరుగు లాంటి నడకతో వెళ్లింది. అన్నయ్య అప్పటికే ఏప్రన్ సరిచేసుకుని ట్రే ముందు నిలబడి ఉన్నాడు. ట్రే మీద మూడు సూపు గిన్నెలు. వంట మాస్టరు భయం కొద్దీ సూపును గంజిలా చిక్కగా కాచాడు, చెయ్యి వణికినా తొణకకుండా. ఇవాళ సూపు తాగాలంటే కొరుక్కోవాలి.

"అన్నయ్యా, నాకు తెలిసిపోయింది. ఆవిడ అంతా చెప్పింది."

పెద్దన్న ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు.

"తెలిస్తే మంచిదే. దారి వదులు, సూపు చల్లారుతుంది."

"నా మాట విను. ఇవాళ బాగా వడ్డించు చాలు. రేపు కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వెలా అంటే అలా చేద్దాం."

"నీ భుజం ఏమంది డాక్టరు?" అన్నాడు. ఆమె పక్కకి తప్పుకుంది. ఆయన భుజంతో తలుపు నెట్టుకుని హాల్లోకి వెళ్లాడు.

చెల్లెమ్మ వెనకే వెళ్లింది. హాల్లో మాటలు తగ్గాయి. పెద్దన్న మధ్య టేబుల్ దాకా నడిచిన నడక చూస్తే ముప్పై ఏళ్లనాటి మనిషి గుర్తొస్తాడు. వీపు నిటారుగా ఉంది, ట్రే గాలిలో గీత గీసినట్టు సాగింది, గిన్నెల్లో సూపు మీద మీగడ కూడా కదల్లేదు. మొదటి గిన్నె ఒక అతిథి ముందు పెట్టాడు. రెండోది రెండో అతిథి ముందు. ఓనరు మొహం విచ్చుకుంది. చెల్లెమ్మ కళ్లలో నీళ్లు నిండాయి. ఆ చెయ్యి వణకడం లేదు. ఇవాళ అసలు వణకడం లేదు. ఏడాదిగా దేవుళ్లందరికీ మొక్కుకున్నది ఇదే.

మూడో గిన్నె అందుకుని పెద్దన్న చెల్లెలి వైపు ఒకసారి చూశాడు. తర్వాత మణికట్టు నెమ్మదిగా తిప్పి, గిన్నె ఒంచేశాడు.

తెల్లటి గుడ్డ మీద, ఓనరు చొక్కా చేతి మీద, చిక్కటి సూపు పరుచుకుంది. గిన్నె దొర్లి నేలమీద పడి ముక్కలైంది. అతిథులు కుర్చీలు వెనక్కి లాక్కున్నారు.

"చూశారుగా ఓనరుగారూ," అన్నాడు పెద్దన్న మెల్లగా. "నావల్ల కావడం లేదు."

ఓనరు చెయ్యి తుడుచుకున్నాడు. కోప్పడలేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, ఇట్టే ఏదో పసిగట్టాడు.

"చెల్లెమ్మా, నువ్వు ఎదురుగానే ఉన్నావు. చెయ్యి వణికిందా? నాకైతే వణికినట్టు కనిపించలేదు. చెయ్యి జారడం ఎవరికైనా జరుగుతుంది, జారిందంటే ఆ కార్డు ఇప్పుడే చింపేస్తాను. నువ్వు ఏది చెబితే అదే."

హాలంతా ఆమె వైపు చూసింది. లేదు, వణకలేదు, ఆ ఒక్క మాట అంటే అన్నయ్య ఉంటాడు. ఉంటే రేపటి నుంచి మళ్లీ అదే ట్రే, అదే భుజం, మళ్లీ ఒకరినొకరు కాపాడుకుంటూ ఒకరికొకరు చెప్పుకునే అబద్ధాలు. వణికింది అంటే ముప్పై ఒక్క ఏళ్లు తన నోటితో ముగిసిపోతాయి. అన్నయ్య ఆమెనే చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని ఆమె అడగడమే గానీ, ఆయన ఆమెను ఏదీ అడిగిన గుర్తు లేదు. ఇప్పుడు కళ్లతో అడుగుతున్నాడు.

"వణికిందండీ," అంది చెల్లెమ్మ. "చాలా రోజుల్నుంచి వణుకుతోంది. నేనే దాచాను."

కోరింది దొరికినవాడి మొహంలో కాస్తయినా వెలుగు ఉంటుందనుకుంది. లేదు. పెద్దన్న మొహం ఒక్కసారిగా వాడిపోయింది. మనసులో ఏ మూలో, చెల్లెలు ఈసారి కూడా మొండికేస్తుందని, ఒప్పుకోనని గోల చేస్తుందని ఆశపడ్డాడేమో. ఆ సంగతి ఆయనకే అప్పటిదాకా తెలియదేమో. చెల్లెమ్మకి అది కనిపించింది. కనిపించేసరికి మాట నోరు దాటిపోయింది.

ఓనరు లేచి, తన కుర్చీ పక్కకి లాగాడు.

"కూర్చోండి పెద్దన్నా. ఇన్నేళ్లలో ఒక్కసారీ మీరీ హాల్లో కూర్చోలేదు. మా నాన్న ఉన్నా ఇదే మాట అనేవాడు. ఇవాళ మీరు మా అతిథి. చెల్లెమ్మా, సూపు పట్టుకురా."

పెద్దన్న వద్దన్నాడు. ఓనరు భుజాల మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. ఆయన కుర్చీ అంచున, ఎవరైనా లేవమంటే లేవడానికి సిద్ధంగా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెల్లెమ్మ వంటగదిలోకి వెళ్లి సూపు తెచ్చింది. వంట మాస్టరు ఈసారి అంచుదాకా నింపాడు. ఆమె వంగి, కుడివైపు నుంచి, అన్నయ్య నేర్పినట్టే చప్పుడు కాకుండా గిన్నె ముందు పెట్టింది.

"థాంక్సండీ," అన్నాడు అన్నయ్య, తలెత్తకుండా.

రోజుకి వందసార్లు వినే మాట. వాళ్లింట్లో మాత్రం ఆ మాట ఎన్నడూ వినపడలేదు, అవసరం పడలేదు. ఎవరో దారిన పోయే మనిషితో అన్నట్టు అన్నాడు. చెల్లెమ్మ పెదవి కొరుక్కుని, "బ్రెడ్డు తెస్తాను" అని, కన్నీళ్లు హాల్లో పడకుండా లోపలికి వెళ్లింది. మొహం కడుక్కుని, రెండు వేడి ముక్కలు ఎంచి ప్లేటులో పెట్టుకుని వచ్చేసరికి రెండు నిమిషాలు కూడా కాలేదు.

కుర్చీ ఖాళీగా ఉంది. కస్టమర్లు వచ్చిపోయే వీధి తలుపు ఇంకా ఊగుతోంది. సూపు ముట్టుకోలేదు. గిన్నె పక్కన, చెంచా ఉండాల్సిన చోట, వాళ్లింటి తాళంచెవుల్లో అన్నయ్య దగ్గరుండేది పెట్టి ఉంది.